మార్కెటింగ్ డేటా లిస్టు కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి

"ఉభయ గోదావరి వ్యాపారుల నంబర్లు ఐదు వేలు, పది వేల రూపాయలకే." "ఆక్వా రైతుల డేటా, ఈ ఒక్కరోజే ఆఫర్." భీమవరం నుంచి మండపేట దాకా ఏ డీలరు ఫోన్ తీసి చూసినా ఇలాంటి వాట్సాప్ మెసేజ్ ఒకటి ఉంటుంది. కొనొచ్చా, కొంటే పనికొస్తుందా, పాత సరుకు అంటగడుతున్నారని ఎలా తెలుస్తుంది అని అడిగేవాళ్ళు చాలామంది. ఒక్కో పనీ వరుసగా చెప్పుకుందాం.

డేటా కంపెనీ వరుసల లెక్కన అమ్ముతుంది; ఒక్కో పేరూ నంబరూ ఒక వరుస. మీకు కావాల్సింది ఫోన్ ఎత్తి, మీ సరుకు కొనే అధికారం ఉన్న మనిషి. ఐదు వేల వరుసల్లో అలాంటివాళ్ళు ఎందరో డబ్బు చేతులు మారకముందే తేలాలి.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు. అమెరికాలోని ఒమాహాలో వినోద్ గుప్తా 1972లో పెట్టిన కంపెనీ (ఇప్పటి పేరు డేటా యాక్సిల్) ఎల్లో పేజీల (వ్యాపారాల ఫోన్ నంబర్ల) పుస్తకాల్లోంచి మొబైల్ హోమ్ (ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించగల ఇల్లు) డీలర్ల పేర్లు ఏరి జాబితా కట్టడంతోనే మొదలైంది. పద్ధతి నేటికీ అదే. నాలుగు చోట్ల ఉన్నది ఏరి ఒకచోట చేర్చాలి, ఆ తర్వాత ఫోన్లు చేసి సరిచూస్తూ ఉండాలి. రెండో పని ఖర్చుతో కూడినది. అది చేసేవాళ్ళకు డబ్బు ఇవ్వొచ్చు. పాత ఫైలుని చేతులు మార్చేవాళ్ళే మన దగ్గర ఎక్కువ.

కావలసినవి

- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉన్న కంప్యూటరు. ఫోన్‌లో ఈ పని సాగదు.
- మీ ప్రస్తుత కస్టమర్ల జాబితా, మొబైల్ నంబర్లతో సహా. ట్యాలీలోంచి తీసినా చాలు.
- మీ సరుకు వెళ్ళగల ఊళ్ళ పిన్‌కోడ్‌లు.
- ఇంటర్నెట్. జీఎస్టీ పోర్టల్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" వాడడానికి లాగిన్ అక్కర్లేదు, డబ్బూ కట్టక్కర్లేదు.
- ఫోన్‌లో మర్యాదగా మాట్లాడే మనిషి ఒకరు, రెండు రోజులపాటు.

1. ఎవరు కావాలో ఒక కాగితం మీద రాసుకోండి

"గోదావరి జిల్లాల వ్యాపారులు" అని అడిగితే కిరాణా కొట్టు నుంచి కల్యాణమండపం దాకా అన్నీ వస్తాయి. మీరు రైస్ మిల్లుల రబ్బర్ రోల్స్ అమ్ముతుంటే "రైస్ మిల్లులు, ఫలానా పిన్‌కోడ్‌లు, యజమాని లేదా మేనేజరు మొబైల్" అని అడగాలి. కంపెనీ వర్గీకరణ కోడ్ వాడుతుంటే రైస్ మిల్లింగ్‌కి నిక్ కోడ్ 10612. వీలైతే ఆ కోడ్‌తోనే అడగండి. "ఆగ్రో" అనే మాటతో వెతికిస్తే పురుగుమందుల షాపులు కూడా వచ్చిపడతాయి.

ప్రాంతం చెప్పేటప్పుడు మూడు జాగ్రత్తలు.

వ్యాసార్థం లెక్కన అడగొద్దు. "నరసాపురం చుట్టూ 10 కిలోమీటర్లు" అంటే కంప్యూటరు వశిష్ట గోదావరి పాయకు అవతలి సఖినేటిపల్లిని కూడా కలిపేస్తుంది. మ్యాప్‌లో అది ఎదురుగానే ఉంటుంది, మీ సరుకు బండి మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. పిన్‌కోడ్‌ల లెక్కన అడిగితే ఈ గొడవ ఉండదు.

ఊరి పేరు ఒక్కటే నమ్మొద్దు. రామచంద్రపురం కోనసీమలో ఉంది, హైదరాబాద్ పక్కన బీహెచ్‌ఈఎల్ దగ్గరా ఉంది. నరసాపురానికి బదులు మెదక్ జిల్లా నర్సాపూర్ వచ్చిన ఫైళ్ళు కద్దు. మన వైపు పిన్‌కోడ్‌లు 533, 534తో మొదలవుతాయి. 502తో మొదలైన వరుస కనిపిస్తే అది తెలంగాణది.

యానాంని మర్చిపోవద్దు. పిన్‌కోడ్ 533464 కాబట్టి లిస్టులో మన ఊరిలాగే కనిపిస్తుంది. కానీ అది పుదుచ్చేరిలో భాగం, అక్కడి జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ అంకె 37తో మొదలైనవే ఉంచమంటే యానాం షాపులన్నీ ఎగిరిపోతాయి. ఉంచుకుంటే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల జీఎస్టీ) వేయాలని మీ అకౌంటెంటుకి ముందే చెప్పండి.

ఆక్వా సామాను అమ్మేవారికి ఇంకో చిక్కు. చెరువు ఒకరిది, సాగు ఇంకొకరిది. భూమి రికార్డుల ఆధారంగా తయారైన లిస్టులో యజమాని పేరుంటుంది. ఆయన భీమవరంలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఏ మేత వేయాలో, ఏ ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) పెట్టాలో తేల్చేది కౌలు రైతు. కాబట్టి "చెరువు యజమానులు" అని కాకుండా "సాగు చేస్తున్నవారు" అని అడగండి. ఆ తేడా తమ ఫైలులో లేదని కంపెనీ చెబితే ఆ లిస్టు కొనొద్దు. మేత డీలర్ల లిస్టు అడగండి, రైతులు అక్కడికే వస్తారు.

2. ముందు లెక్క అడగండి, ఫైలు తర్వాత

పిన్‌కోడ్‌వారీగా ఎన్ని వరుసలున్నాయో చెప్పే కౌంటు ఏ అసలైన కంపెనీ అయినా ఉచితంగా ఇస్తుంది. దాంతోపాటు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మెయిల్ అయినా సరే, వాట్సాప్ వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు.

- ఈ పేర్లు ఎక్కడి నుంచి సేకరించారు?
- చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ఫోన్ చేసి చూశారా, కంప్యూటర్‌తో పోల్చారా?
- మొత్తం వరుసల్లో వేరువేరు మొబైల్ నంబర్లు ఎన్ని?
- ఒక్కసారి వాడుకోవడానికా, ఏడాదిపాటా, శాశ్వతంగానా?
- పని చేయని నంబర్లకు బదులు ఇస్తారా? ఎన్నాళ్ళలోపు చెప్పాలి?

మూడో ప్రశ్న అందరూ వదిలేస్తారు. ఐదు వేల వరుసల ఫైలులో మొబైల్ నంబర్లు మూడు వేలే ఉండొచ్చు. అది నమూనాలో బయటపడదు, నేరుగా అడిగితేనే తెలుస్తుంది.

అమ్మే కంపెనీ జీఎస్టీ నంబరు కూడా పోర్టల్‌లో కొట్టి చూడండి. బిల్లు ఇవ్వనంటే, డబ్బు ఒక మనిషి పేరున్న యూపీఐకి పంపమంటే అక్కడితో ఆపేయండి.

3. నమూనా మీరే ఎంచుకోండి

అమ్మేవాళ్ళు "శాంపిల్" అని పంపే ఇరవై వరుసలు ఏరి పెట్టినవి. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు. లిస్టుకి వంద మెతుకులు కావాలి, అవీ మీ చేత్తో పట్టినవై ఉండాలి.

5,000 వరుసల ఫైలైతే ప్రతి 50వ వరుస ఇమ్మనండి, 100 వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో మీరే చెప్పండి, ఉదాహరణకు 23వ వరుస నుంచి. అంటే 23, 73, 123 అలా. ఇలా చేస్తే ఫైలులోని చాలా ఊళ్ళు వస్తాయి. వంద వరుసలు ఉచితంగా ఇవ్వబోమంటే వాటికి మాత్రం డబ్బు కట్టండి. రెండు మూడు వందల రూపాయల దగ్గర పీనాసితనం చేసి పది వేలు పోగొట్టుకోవడం దండగ.

నంబర్లలో చివరి నాలుగంకెలు దాచి ఇస్తే ఆ నమూనా ఫోన్ పరీక్షకు పనికిరాదు. వాళ్ళ ఆఫీసుకే వెళ్ళి, మీరు చెప్పిన వరుసలకు మీ ఎదురుగా ఫోన్ చేయించడం ఒక దారి.

4. ఫోన్ ఎత్తకముందు కాగితం పరీక్ష

లిస్టు వయసు చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది.

జీఎస్టీ గడిలో 11 అంకెల నంబరు, అదీ 28తోనో 37తోనో మొదలైతే, అది వ్యాట్ కాలపు టిన్ నంబరు. జీఎస్టీ వచ్చింది 2017 జులై 1న. ఆ వరుసను అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

అమలాపురం వరుసలో జిల్లా "తూర్పు గోదావరి" అని, భీమవరం వరుసలో "పశ్చిమ గోదావరి, ఏలూరు" అని ఉంటే ఆ గడి 2022 ఏప్రిల్ 4కు ముందుది, అంటే జిల్లాల విభజనకు ముందుది. ఇదొక్కటే చూసి లిస్టుని తోసిపుచ్చొద్దు. జిల్లా పేరు మార్చుకోకుండా నంబర్లు మాత్రం సరిచూసేవాళ్ళూ ఉంటారు.

ల్యాండ్‌లైన్లు ఎక్కువగా ఉన్నా అనుమానించండి. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. భీమవరం ఎస్‌టీడీ కోడ్ 08816, ఏలూరుది 08812, అమలాపురానిది 08856, రాజమండ్రిది 0883, కాకినాడది 0884. ముందున్న సున్నా తీసేస్తే ఇవన్నీ సరిగ్గా పది అంకెలై, 8తో మొదలై, అచ్చం మొబైల్ నంబర్లలా కనిపిస్తాయి. "అన్నీ మొబైల్ నంబర్లే" అని అమ్మినవాటిలో ఇవి కలిసిపోతాయి. ఈ అంకెలతో మొదలైన నంబర్లను వేరే రంగు వేసి పక్కన పెట్టండి, తీసేయకండి. నిజమైన మొబైల్ నంబర్లు కూడా వాటిలో ఉండొచ్చు.

తర్వాత, నమూనాలో జీఎస్టీ నంబరు ఉన్నవాటిలో ఓ 30 పోర్టల్‌లో కొట్టండి. అక్కడ చూడాల్సినవి: "యాక్టివ్" అని ఉందా, "క్యాన్సిల్డ్" అని ఉందా, ట్రేడ్ నేమ్ లిస్టులోని పేరేనా, చిరునామా అదే ఊరా. రిటర్నుల పట్టిక తెరిస్తే చివరి ఫైలింగ్ ఎప్పుడో కనిపిస్తుంది. మూడు నెలలకోసారి దాఖలు చేసేవాళ్ళుంటారు కాబట్టి ఒకటి రెండు నెలల ఖాళీ పట్టించుకోవద్దు. ఏడాదిగా ఏమీ లేకపోతే ఆ మిల్లు ఆడుతున్నట్టు కాదు. నంబరులో ఆరో అక్షరం కూడా పనికొస్తుంది: పీ అయితే సొంత వ్యాపారం, ఎఫ్ అయితే భాగస్వామ్యం, సీ అయితే కంపెనీ. సొంత వ్యాపారమైతే సాధారణంగా యజమానే మాట్లాడతారు. కంపెనీ అయితే పర్చేజ్ చూసే మనిషి పేరు విడిగా కావాలి.

చెరువు రైతులకు ఈ పరీక్ష కుదరదు. వాళ్ళకి సాధారణంగా జీఎస్టీ నంబరు ఉండదు. నేరుగా ఫోన్ పరీక్షకే వెళ్ళాలి.

5. ఫోన్ పరీక్ష

ఈ ఫోన్‌లో అమ్మకం మాట ఎత్తొద్దు. నంబరు సరిచూడడం వరకే:

"నమస్కారమండీ. తణుకు నుంచి మాట్లాడుతున్నామండీ. ఇది ఫలానా రైస్ మిల్లు వారి నంబరేనాండీ? మిల్లు ఆడుతోందాండీ? సామాను కొనుగోలు సంగతి ఎవరితో మాట్లాడాలండీ?"

అంతే. వద్దన్నవారి వరుసలో "వద్దు" అని రాసి మళ్ళీ చేయకండి.

ఎత్తకపోతే వేరువేరు వేళల్లో మూడుసార్లు చేయండి. మేత వేసే వేళ చెరువు దగ్గర ఎవరూ ఫోన్ చూడరు. స్విచ్ఛాఫ్ అంటే చచ్చిన నంబరని కాదు. "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అని వస్తేనే అలా రాయండి. "రాంగ్ నంబరండీ" అనేవాళ్ళు ఎక్కువైతే లిస్టు పాతదని అర్థం: కట్ అయిన మొబైల్ నంబర్లను కంపెనీలు కొంత గడువు తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాయి. ట్రూకాలర్‌లో వచ్చిన పేరు చూసి సరే అనుకోవద్దు. అది ఎవరో తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు కావొచ్చు.

6. లెక్క కట్టండి

వంద వరుసలకు ఇలా వచ్చిందనుకుందాం: పని చేయనివి 16, వేరేవాళ్ళవి 12, మూతపడినవి 5, మీ పరిధి బయటివి 4, ఇప్పటికే మీ కస్టమర్లు 8. పనికొచ్చేవి 55.

5,000 వరుసలు 10,000 రూపాయలంటే వరుస రెండు రూపాయలు. పనికొచ్చే వరుస మాత్రం 3 రూపాయల 64 పైసలు పడుతోంది. వంద నమూనా మీద వచ్చిన అంకె పది అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి మొత్తం ఫైలులో పనికొచ్చేవి 2,250 నుంచి 3,250 మధ్య ఉంటాయనుకోండి. బేరం తక్కువ అంకెతో ఆడాలి. 2,250 లెక్కన చూస్తే మనిషికి 4 రూపాయల 44 పైసలు. వరుస మూడు రూపాయలు చెప్పిన ఇంకో కంపెనీలో వందకి 85 పనికొస్తే అదే చవక.

నలభై కన్నా తక్కువ వస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోకపోవడమే మంచిది. రాంగ్ నంబర్లకు ఫోన్ చేసే కుర్రాడి జీతం లిస్టు ధరని దాటిపోతుంది.

7. డబ్బు, కాగితం

సగం ముందు, సగం ఫైలు వచ్చిన వారంలో. ఆర్డరు కాగితంలో వరుసల సంఖ్య, వేరువేరు మొబైళ్ళ సంఖ్య, సరిచూసిన తేదీ, పనికిరానివి ఎంత శాతం దాటితే బదులివ్వాలో రాయించండి. ఒకసారి వాడుకునే షరతుతో కొంటే మళ్ళీ వాడకండి. కంపెనీలు ఫైలు మధ్యలో తమ మనుషుల చిరునామాలు నాలుగైదు దాచి పెడతాయి, రెండోసారి వాడితే ఉత్తరం నేరుగా వాళ్ళకే చేరుతుంది.

8. ఫైలు శుభ్రం చేయడం

వచ్చిన సీఎస్‌వీ ఫైలుని (గడులను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి టెక్స్ట్/సీఎస్‌వీ అని దిగుమతి చేసుకుని, అన్ని గడులనూ "టెక్స్ట్"గా పెట్టండి. లేకపోతే ఏమవుతుందంటే: డోర్ నంబరు 5-12 తేదీగా మారిపోతుంది, 0883లోని సున్నా పోతుంది, 91తో కలిపి 12 అంకెలున్న మొబైల్ నంబరు ఈ ప్లస్ 11 అంటూ కుదించుకుపోతుంది. ఒకసారి అలా సేవ్ చేస్తే డోర్ నంబరు ఇక తిరిగి రాదు. అసలు ఫైలు కాపీ ఒకటి ముట్టుకోకుండా పక్కన ఉంచండి. తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తే దిగుమతిలో యూటీఎఫ్-8 ఎంచుకోండి.

తర్వాత ఈ వరుసలో చేయండి:

అ) మొబైల్ గడిలోంచి ఖాళీలు, గీతలు తీసేసి, రైట్ ఫార్ములాతో చివరి పది అంకెలు కొత్త గడిలోకి తెచ్చుకోండి. పొడవు పది కానివి, 6, 7, 8, 9 కాకుండా వేరే అంకెతో మొదలైనవి పక్కకు.

ఆ) ఆ కొత్త గడి మీద "డూప్లికేట్ వాల్యూస్" రంగు వేయండి. వెంటనే తొలగించకండి, ముందు చూడండి. ఒకే నంబరు పది పన్నెండు సంస్థల పక్కన ఉంటే అది ఆడిటర్ గారిదో ట్యాక్స్ కన్సల్టెంటుదో అయి ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఆయన నంబరు ఇచ్చి ఉంటారు. "రిమూవ్ డూప్లికేట్స్" నొక్కితే పదకొండు సంస్థలు పోయి, ఆ ఆడిటర్ గారి నంబరు మిగులుతుంది! అలాంటివాటిలో నంబరు మాత్రమే చెరిపేసి, సంస్థ పేరూ చిరునామా ఉంచండి.

ఇ) పేరుతో డూప్లికేట్లు వెతకడం మన దగ్గర కష్టం. లక్ష్మిని ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా రాస్తారు, శ్రీని నాలుగు రకాలుగా. రాజమండ్రి, రాజమహేంద్రవరం, ఆర్‌జేవై మూడూ ఒకటే. ఊరి పేర్లు ముందుగా ఒకే రూపంలోకి మార్చి, పిన్‌కోడ్‌వారీగా పేర్చి, కంటితో చూడండి. వేంకటేశ్వర, లక్ష్మీగణపతి పేర్లతో ఒకే మండలంలో వేరువేరు మిల్లులుండొచ్చు. జీఎస్టీ నంబరు తేడా ఉంటే కలపకండి.

ఈ) మీ పాత కస్టమర్లను, "వద్దు" అన్నవారిని తీసేయండి. పాత కస్టమరుకి "కొత్త కస్టమర్లకు తగ్గింపు" మెసేజ్ వెళ్తే ఫోన్ వచ్చేది మీకే.

9. వాడేటప్పుడు

పది అంకెల మామూలు సిమ్‌తో వరసగా ప్రచారం కాల్స్ చేయించకండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ప్రచారం కాల్స్ 140 సిరీస్ నుంచే వెళ్ళాలి. ఎస్‌ఎంఎస్‌కైతే మీ సంస్థ, హెడర్ (మెసేజ్ మీద కనిపించే పంపినవారి పేరు), మెసేజ్ నమూనా మూడూ టెలికం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు పోర్టల్‌లో నమోదై ఉండాలి. టెలికం ఫిర్యాదుల నంబరు 1909కి మళ్ళీ మళ్ళీ ఫిర్యాదులు వెళ్తే మీ పేరునున్న కనెక్షన్లన్నీ కట్ చేసి, ఏడాదిపాటు బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. షాపు నంబరు పోతే పాత కస్టమర్లు కూడా పోయినట్టే. మిల్లు యజమాని నంబరైనా డీఎన్‌డీలో (ప్రచారం వద్దని నమోదు చేసుకున్నవారి జాబితా) ఉంటే ప్రచారం పంపకూడదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక లిస్టులో 256 మందే పడతారు, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే మెసేజ్ చేరుతుంది. కొన్న లిస్టులో మీ నంబరు ఎవరి దగ్గరుంటుంది?

సంస్థల లిస్టుకి మంచి దారి పోస్టు కవరు. ఒక పేజీ ధరల పట్టిక, మీ నంబరు, కవరు మీద మీ చిరునామా తప్పనిసరిగా. చేరనివి వెనక్కి వస్తాయి, అలా లిస్టు కూడా శుభ్రపడుతుంది. కవరు వెళ్ళిన వారానికి మీ సేల్స్ మనిషిని పిన్‌కోడ్‌ల వరుసలో పంపండి.

ఇళ్ళ నంబర్ల లిస్టులు, అంటే "కాకినాడ కారు యజమానులు", "ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు" లాంటివి అసలు కొనొద్దు. వాళ్ళెవరూ మీకు నంబరు ఇస్తామని ఒప్పుకోలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ తర్వాత ఒప్పుకోలు ఎక్కడిదని అడిగితే అమ్మినవాళ్ళతోపాటు మీరూ జవాబు చెప్పుకోవాలి. ఇళ్ళకి చేరాలంటే పేపర్లో కరపత్రం పెట్టించండి, లేదా తపాలా శాఖ డైరెక్ట్ పోస్ట్ వాడండి. పేర్లు లేకుండానే ఎంచుకున్న ప్రాంతంలో ఇంటింటికీ పంచుతారు.

10. పనిచేసిందో లేదో

ఫైలులో నాలుగు గడులు చేర్చండి: పంపిన తేదీ, మాట్లాడిన తేదీ, జవాబు, మొదటి ఆర్డరు విలువ. జవాబుకి ఐదు మాటలే వాడండి: కొన్నారు, తర్వాత చూద్దామన్నారు, వద్దన్నారు, నంబరు తప్పు, మూతపడింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే నెల తర్వాత లెక్క తీయలేరు.

ముందు 500 మందికే పంపి, నెల ఆగి చూడండి. కవర్లు, ఫోన్లు, మనిషి జీతం, లిస్టు ధర అన్నీ కలిపి, కొత్తగా వచ్చిన కస్టమర్ల సంఖ్యతో భాగించండి. ఒక కస్టమరుకి పడిన ఖర్చు మొదటి రెండు ఆర్డర్ల లాభం కన్నా ఎక్కువైతే మిగతావాళ్ళకి పంపడం ఆపి, వర్గాన్నో పిన్‌కోడ్‌లనో మార్చండి. "నంబరు తప్పు" వరుసలన్నీ వేరు చేసి, ఒప్పందం గడువు దాటకముందే కంపెనీకి పంపి బదులు అడగండి. గడువు సాధారణంగా తక్కువే ఉంటుంది, ఆర్డరు కాగితం మీద ఆ తేదీకి గుండ్రం చుట్టి పెట్టుకోండి.